వేలెడంత కుర్చీలో అంతగా చూడాల్సింది ఏముంది?

పోయిన సంచికలో లండన్ కెన్సింగ్టన్ టౌన్ హాల్లో నేను చూసిన డాల్స్‌హౌస్ మేళా గురించి నాలుగు ముక్కలు రాశాను. బొమ్మరింట్లో పట్టేంత చిన్న కుర్చీలు, గిన్నెలు, పుస్తకాలు, తివాచీలు సొంత చేతులతో చేసేవాళ్లు రకరకాల దేశాల నుంచి వచ్చి, బల్లలు వేసుకుని అమ్మే చోటు అది. దానికి గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల నుంచి ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. మన వైపు చేతిపని ఉన్న ఇళ్లు ఎక్కువ కాబట్టేనేమో, ఎక్కువమంది అడిగింది పని గురించే. చాలా సంతోషం వేసింది. ఈసారి శీర్షిక మొత్తం ఆ ఉత్తరాలకే.

ప్రశ్న: మా అమ్మాయి లండన్‌లో ఉంటుంది, వచ్చే వేసవికి వెళ్తున్నాం. మీరు రాసింది చదివి అలాంటి మేళాకి తీసుకెళ్తానంటోంది. మా ఆయనేమో అవి పిల్లల బొమ్మలు కదా, ఈ వయసులో మనకెందుకు అంటున్నారు. నిజంగా చూడదగ్గవేనా?
(ఒక గృహిణి, బరంపురం)

జవాబు: తప్పకుండా వెళ్లండమ్మా, మీవారిని కూడా తీసుకెళ్లండి. అక్కడ పిల్లలు కనిపించేది తక్కువ. ఎక్కువమంది యాభై దాటినవాళ్లే, మెడలో భూతద్దం వేలాడేసుకుని, వాళ్ల బొమ్మరింటి గదుల కొలతలు రాసుకున్న కాగితం చేత్తో పట్టుకుని బల్ల బల్లకీ తిరుగుతుంటారు. అసలు ఆ వస్తువులు పసిపిల్లల చేతికి ఇవ్వకూడదు, నోట్లో పెట్టుకుంటే ప్రమాదం.

ముందు కొలత సంగతి తెలిస్తే చూడటం తేలికవుతుంది. అక్కడ ఎక్కువగా నడిచేది పన్నెండుకి ఒకటి. అంటే అసలు వస్తువు ఒక అడుగు ఉంటే బొమ్మరింటిది ఒక అంగుళం. ఐదున్నర అడుగుల మనిషి ఐదున్నర అంగుళాలు. కుర్చీలో కూర్చునే చోటు నేల నుంచి 18 అంగుళాలు ఉంటుంది కదా, అది అంగుళంన్నర అవుతుంది. మనం అన్నం తినే 10 అంగుళాల కంచం ఇంచుమించు రూపాయి బిళ్లంత. 24కి ఒకటి, 48కి ఒకటి చేసేవాళ్లు కూడా ఉన్నారు కానీ, మొదటిసారి వెళ్లేవాళ్లకి ఈ పన్నెండు లెక్క చాలు. ఒక్క టీ కప్పు కొలత తప్పి కాస్త పెద్దదైతే కన్ను వెంటనే పట్టేస్తుంది, అంతసేపూ గదిలా కనిపించింది కాస్తా బొమ్మల పెట్టె అయిపోతుంది.

ఒక బల్ల దగ్గర నాకు కాళ్లు కదల్లేదు. ఆయన చేసింది రాసుకునే బల్ల, నా అరచేతిలో ఇంకా చోటు మిగిలింది. పట్టుకారుతో సొరుగు లాగి చూపించాడు. మన వడ్రంగులు డవ్‌టెయిల్ అంటారే, మూలల్లో ఒకదాంట్లో ఒకటి ఇరుక్కునే పళ్లు, అవి నిజంగా కోసి కూర్చినవి, పైన గీత గీసి వదిలేసినవి కావు. సొరుగు అడుగు పలక కూడా గాడిలోంచి జారి కూర్చుంది. తాళంచెవి కన్నానికి చుట్టూ ఇత్తడి రేకు. మూసేటప్పుడు సొరుగు చివర్లో లోపలి గాలికి కాస్త ఆగి, మెల్లగా వెళ్లి సర్దుకుంది, మంచి పనివాడు చేసిన పెద్ద బల్లలో ఎలా వెళ్తుందో అచ్చం అలాగే. ఎవరూ చూడని వెనక భాగానికి కూడా ఇంత పని ఎందుకని అడిగాను. తాను అంతకుముందు పెద్ద ఫర్నిచరే చేసేవాణ్ణని, ఇంకోలా చేయడం తన చేతికి రాదని చెప్పాడు. నేను మాట్లాడినవాళ్లలో చాలామంది ఇలాంటివాళ్లే. పెద్ద కుర్చీ ఎక్కడ బరువు మోస్తుందో, ఎక్కడ విరుగుతుందో తెలియనివాళ్లు చిన్న కుర్చీ చేస్తే అది కుర్చీ ఆకారంలో ఉన్న కర్రముక్కే అవుతుంది. నాకు ఆ మేళాలో అన్నిటికన్నా నచ్చింది ఇదే, చిన్నది బాగా చేసే ప్రతి చెయ్యికీ పెద్దది బాగా తెలుసు.

మట్టిపని చేసేవాళ్ల దగ్గర కూడా ఆగండి. వేలి కొసంత కూజాని సారె మీద తిప్పి తీస్తారు. పోర్సెలిన్, అదే పింగాణీ మట్టి కాల్చాక బాగా కుంచించుకుపోతుంది, అందుకని ముందే ఆ లెక్క వేసుకుని కొంచెం పెద్దగా చేయాలి. పైన గాజులా మెరవడానికి పూసే గ్లేజు మామూలు మందంలో పూస్తే కూజా పిడికి, మెడకి మధ్య ఉన్న సందు పూడుకుపోతుంది. అంత చిన్న వస్తువులో ఆ సందు తెరుచుకుని ఉందంటే దాని వెనక ఎంత ఓపిక ఉందో ఆలోచించండి.

ఆ మేళా మీరు వెళ్లే రోజుల్లో ఉంటుందో లేదో అమ్మాయిని ముందే చూడమనండి. కుదరకపోతే బాధపడకండి, లండన్‌కి దగ్గర్లోనే విండ్సర్ కోటలో క్వీన్ మేరీ డాల్స్‌హౌస్ ఉంది. ఢిల్లీలో ఇప్పటి రాష్ట్రపతి భవన్ గీసిన ఎడ్విన్ లుట్యెన్సే దాన్ని కూడా గీశాడు. 1921లో మొదలుపెట్టి 1924కి పూర్తి చేశారు, 1,500 మందికి పైగా కళాకారులు, పనివాళ్లు, తయారీదారులు చేయి వేశారు. అదీ పన్నెండుకి ఒకటే. కుళాయిల్లో నీళ్లొస్తాయి, కరెంటు ఉంది, లిఫ్టులు పనిచేస్తాయి, సీసాల్లో ఉన్నది నిజమైన వైను. గ్రంథాలయంలో పుస్తకాలకి ఆ రోజుల్లో పేరున్న రచయితలు స్వయంగా రాసిచ్చారు. మీవారు అక్కడికి వెళ్లాక పిల్లల బొమ్మలు అనరు.

మేళాలో మాత్రం అన్ని బల్లలూ చుట్టేయాలని చూడకండి. ఒక చుట్టు వేసి, మనసుకి నచ్చిన నాలుగైదు బల్లల దగ్గరికి మళ్లీ వెళ్లి నిలబడండి. ఇది ఎలా చేశారని అడగండి. వాళ్లు ఆ ప్రశ్న కోసమే ఎదురుచూస్తుంటారు.

ప్రశ్న: వేలెడంత వెండి టీ కుండ వందల పౌండ్లు అని రాశారు. ఆన్‌లైన్‌లో వంద, రెండొందలకి బొమ్మరింటి సామాను సెట్టు మొత్తం వస్తోంది. అంత డబ్బు పోసి కొనడం డబ్బున్నవాళ్ల వేడుక కాదా?
(ఒక పాఠకుడు, రాయగడ)

జవాబు: కాదండీ. ఈ ఒక్క విషయంలో మీతో గట్టిగా వాదిస్తాను, ఎందుకంటే ఇదే మాట మన ఊళ్లలో మన పనివాళ్లకీ తగులుతోంది.

పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ పన్నెండో వంతు అయితే ఆ వస్తువుకి పట్టే సరుకు 1,728లో ఒక వంతు. అంటే కుర్చీలో కర్ర ఖరీదు దాదాపు సున్నా. కానీ పెద్ద కుర్చీకి ఎన్ని అతుకులు ఉంటాయో చిన్నదానికీ అన్నే ఉంటాయి. కోత అన్నే సార్లు, చిత్రిక అన్నే సార్లు, పాలిష్ అన్నే పూతలు. పైగా అంత సన్నటి ముక్క పట్టుకునేటప్పటికే విరిగిపోతుంది, విరిగినవాటి లెక్క వేరే. టీ కుండలోనూ అంతే, వెండి విలువ ఏ మూలకీ రాదు, మూత కీలు, ముక్కు, లోపల కన్నం, వీటి మీద కూర్చున్న గంటలే ధర. మీరు కొనేది అచ్చంగా చేతిపనిని మాత్రమే.

మన దగ్గర ఏం జరుగుతోందో చూడండి. గంజాం జిల్లా బెలగుంఠలో ఇత్తడి చేపలు చేస్తారు కదా, ఒళ్లంతా చిన్న చిన్న ముక్కలుగా కూర్చి, తోక పట్టుకుంటే నిజం చేపలా మెలికలు తిరిగేవి. ఎగ్జిబిషన్‌లో ఆ చేపని చేతిలోకి తీసుకుని తూకం ఎంత, ఇత్తడి కిలో ఎంత, దీనికింత ధరా అని బేరమాడినవాళ్లని నేను నా కళ్లతో చూశాను. ప్రతి ముక్కా పక్క ముక్కని ఒరుసుకోకుండా కదలాలి, ఎక్కడా ఊడకూడదు, అది తూకంలో తూగేది కాదు. కంసాలి దగ్గర కూడా బంగారం ధరకి నోరెత్తం, మజూరీ దగ్గరే గీసి గీసి అడుగుతాం. నాకు ఇది చూస్తే చాలా బాధగా ఉంటుంది. ఆ మేళాలో బేరమాడినవాళ్లు నాకు ఎక్కడా కనిపించలేదు, డబ్బు చాలకపోతే చిన్న వస్తువు ఒకటి కొనుక్కుని, పెద్దదాన్ని కళ్లారా చూసి వెళ్తున్నారు. నేనూ ఒక బుట్ట కొనుక్కున్నాను, మైనం పట్టించిన దారంతో అల్లింది, చింతగింజ పడితే నిండిపోతుంది.

వంద రూపాయల సెట్టు పాపకి ఆడుకోవడానికి కొంటే తప్పేం లేదు, హాయిగా కొనండి. అది అచ్చులో పోసింది. అంచున అచ్చు రెండు సగాలు కలిసిన గీత కనిపిస్తుంది, నాలుగు కుర్చీలు పక్కపక్కన పెడితే నాలుగింటికీ ఒకే చోట ఒకే చార ఉంటుంది. చేతిపని కొనేటప్పుడు మాత్రం ఇది మీరే చేశారా, కొని తెచ్చారా అని నేరుగా అడగండి. అందులో మొహమాటం అక్కర్లేదు.

ప్రశ్న: మాది కొమ్ముపని చేసే కుటుంబం. నాన్న కొంగలు, నెమళ్లు, దువ్వెనలు చేస్తారు. ఇప్పుడు గిరాకీ బాగా తగ్గింది. మీరు రాసిన ఆ కొలతలో నేను వస్తువులు చేయొచ్చా? ఎక్కడ మొదలుపెట్టాలి?
(ఒక యువకుడు, పర్లాకిమిడి)

జవాబు: చేయొచ్చు తమ్ముడూ. మీ ఉత్తరం చదివి ఆ రోజంతా దాని గురించే ఆలోచించాను.

పర్లాకిమిడి కొమ్ముపనికి ఈ రంగంలో ఒక పెద్ద అనుకూలత ఉంది. కర్రతో చిన్న వస్తువు చేసేవాళ్లకి ఉండే మొదటి తలనొప్పి చార, అంటే కర్రలో సహజంగా ఉండే గీతలు. టేకులో చార పెద్దది, దాంతో ఇంత చిన్న బల్ల చేస్తే చార మాత్రం చిన్నబడదు కదా, చూడగానే కొలత చెడిపోయినట్టు ఉంటుంది. అందుకే వాళ్లు బాక్స్‌వుడ్, పేర్ లాంటి సన్నచార కర్రలు వెతుక్కుంటారు. కొమ్ముకి ఆ గొడవ లేదు. వేడి చేస్తే మెత్తబడి చెప్పినట్టు వంగుతుంది, అణిస్తే పలక అవుతుంది, ఆకురాయికి లొంగుతుంది, మెరుగు పెడితే గాజులా మెరుస్తుంది, పల్చగా తీస్తే వెలుతురు దిగుతుంది. ఇవి మీకు నేను చెప్పాలా, మీ నాన్నగారి చేతిలో ఉన్నవే.

ఏం చేయాలన్నది చెప్తాను. కొంగని చిన్నది చేసి పంపితే అది చిన్న కొంగబొమ్మ అవుతుంది, బొమ్మరింటి వస్తువు కాదు. పాత ఇళ్లల్లో నిజంగా కొమ్ముతోనే చేసిన సామాను ఏముందో అది చేయండి. దువ్వెనలు, చెంచాలు, నశ్యం డబ్బాలు, చేతికర్ర పిడులు, గాజు బాగా ప్రియంగా ఉన్న రోజుల్లో యూరప్‌లో లాంతర్లకి బిగించిన పల్చటి కొమ్ము పలకలు. అసలు వస్తువు ఏ సరుకుతో చేశారో చిన్నదీ అదే సరుకుతో ఉంటే సేకరించేవాళ్లు ఎంతో ఇష్టపడతారు. 6 అంగుళాల దువ్వెన మీ చేతిలో అర అంగుళం అవుతుంది. పళ్లు కోయడానికి మీ రంపం పనికిరాదు, బజారులో కంసాలి దగ్గరికెళ్లి వాళ్లు వాడే వెంట్రుక రంపపు ఆకులు ఏ నంబరువో అడిగి తెచ్చుకోండి. అంగుళాలు పక్కన పెట్టి మిల్లీమీటర్లలో పనిచేయండి, సన్నటి కొలతలు తీసే వెర్నియర్ కాలిపర్ ఒకటి కొనుక్కోండి. ఏ వస్తువైనా కొలిచి పన్నెండుతో భాగించి, ఆ అంకె కాగితం మీద రాశాకే కోత పెట్టండి. ఒకేసారి పది రకాలు వద్దు. దువ్వెన ఒక్కటే, పళ్లన్నీ ఒకే సందుతో వచ్చేదాకా.

రెండు జాగ్రత్తలు. పశువుల కొమ్ము తప్ప జింక, దుప్పి కొమ్ము ఎవరు ఇచ్చినా ముట్టుకోకండి, 1972 వన్యప్రాణి చట్టం కింద ఆ వ్యాపారం నేరం. విదేశాలకి పంపేటప్పుడు జంతువుల నుంచి వచ్చిన సరుకు మీద ఒక్కో దేశానికి ఒక్కో నిబంధన ఉంటుంది, పార్సిల్ కట్టకముందే పోస్టాఫీసులోనూ కస్టమ్స్‌లోనూ కనుక్కోండి. ధర చెప్పేటప్పుడు గంటలు లెక్కేసి చెప్పండి. తగ్గించి చెప్పకండి.

ప్రశ్న: అలాంటి చోట ఫొటోలు తీయొచ్చా? చేత్తో పట్టుకుని చూడొచ్చా?
(ఒక విద్యార్థిని, జయపురం)

జవాబు: రెండూ అడిగి చేయాలి. ఆ డిజైన్ వాళ్ల బతుకుదెరువు, కాపీ కొడతారని కొందరు ఫొటో ఒప్పుకోరు, అందులో తప్పేం లేదు. ముట్టుకోవాలంటే వాళ్లే తీసి అరచేతిలో పెడతారు. చీర కొంగు, భుజానికి వేసుకున్న సంచి మాత్రం ముందే సర్దుకోండి, ఒక్క ఊపుకి బల్ల మీద నెలల పని కిందపడుతుంది.

ప్రశ్న: మా అబ్బాయి షికాగోలో ఉన్నాడు. అక్కడ ఇలాంటివి ఉన్నాయా?
(ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు, ఛత్రపురం)

జవాబు: ఉన్నాయండీ. ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో థోర్న్ రూమ్స్ అని 68 చిన్న గదులు గోడలో అమర్చి ఉంటాయి. నార్సిసా థోర్న్ అనే ఆవిడ 1932, 1940 మధ్య నిపుణులైన పనివాళ్లతో చేయించింది, అంగుళానికి అడుగు లెక్కే. ఒక్కో గదిలో కిటికీ బయట తోట, పక్క గదిలోకి వెళ్లే తలుపు కూడా కనిపిస్తాయి. కిటికీలోంచి పడే వెలుతురు ఏ పూటదో గమనించండి.

ప్రశ్న: నౌపడ నుంచి మా ఊరికి వచ్చే పాత చిన్నరైలు స్టేషన్‌ని గుర్తుగా మినియేచర్ చేయాలని ఉంది. రైలుతో సహా చేయొచ్చా?
(ఒక పాఠకుడు, గుణుపూర్)

జవాబు: ఆలోచన చాలా బాగుంది. కానీ పన్నెండుకి ఒకటి కొలతలో రైలు వద్దు. ఆ పట్టాల మధ్య వెడల్పు 762 మిల్లీమీటర్లు, అది 63.5 అవుతుంది, దాని మీద నాలుగు పెట్టెలు పెడితే మీ హాలు చాలదు. టికెట్ గది ఒక్కటే చేయండి. కిటికీ చువ్వలు, గంటకి బదులు వేలాడదీసిన పట్టా ముక్క, బల్ల, లాంతరు, టికెట్ల అర. పాత అట్ట టికెట్టు సుమారు 57 మిల్లీమీటర్ల పొడవు, 31 వెడల్పు ఉండేది, మీ గదిలో అది దాదాపు 5 పొడవు, రెండున్నర వెడల్పు. మందమైన డ్రాయింగ్ కాగితం కోసుకుంటే సరిపోతుంది. లాంతర్లో తెల్ల ఎల్ఈడీ పెట్టొద్దు, పసుపు రంగుది పెట్టండి. ఆ స్టేషన్‌లో పనిచేసిన పెద్దలు ఎవరైనా మీ వైపు ఉంటే కోతలు మొదలుపెట్టకముందే వెళ్లి కూర్చుని ఏ వస్తువు ఏ మూల ఉండేదో అడిగి గీసుకోండి.

ప్రశ్న: మేం మగ్గం పెట్టుకున్నవాళ్లం. బొమ్మల కొలువులో అమ్మవారికి బరంపురం పట్టు చీర అచ్చం అదే లెక్కలో చిన్నది నేయాలని మా కోడలి కోరిక. అవుతుందా?
(ఒక నేత కుటుంబం, బరంపురం)

జవాబు: అవుతుంది, అయితే ఒక చోట లెక్క వదిలేయాలి. ఐదున్నర మీటర్ల చీర పన్నెండో వంతులో సుమారు 46 సెంటీమీటర్ల పొడవు, పది లోపు వెడల్పు. గుడి గోపురంలా కోసుగా లేచే నాలుగు అంగుళాల కుంభం అంచు ఎనిమిదిన్నర మిల్లీమీటర్లకి వస్తుంది. ఇంతవరకు సరే. కానీ అంగుళానికి వంద పోగులున్న చీరని లెక్క ప్రకారం తగ్గిస్తే అంగుళానికి 1,200 పోగులు పెట్టాలి, అది ఏ మగ్గం మీదా కాదు. అందుకని ఇలా ఆలోచించమనండి: ఆ చిన్న చీరని మనం అడుగు దూరం నుంచి చూస్తాం, అంటే పెద్ద చీరని 12 అడుగుల దూరం నుంచి చూసినట్టు. అంత దూరం నుంచి పోగు కనిపించదు, రంగు, మెరుపు, అంచు మీద కుంభాల వరస మాత్రమే కనిపిస్తాయి. ఆ మూడింటి మీదే శ్రమ పెట్టండి. పురి పెట్టని సన్నపట్టు ఒంటిపోగుతో సాదా నేత నేసి, కుంభాల కొసలు మొద్దుబారకుండా చూసుకోండి. జరీ మామూలుది లావు, అందులో పోగు విడదీసి వాడాలి.

అసలు కష్టం కట్టేటప్పుడు వస్తుంది. గుడ్డ చిన్నదైనంత మాత్రాన మెత్తబడదు, కుచ్చిళ్లు కిందికి జారకుండా గొడుగులా నిలబడిపోతాయి. మేళాలో బట్టలు చేసే ఆవిడ దగ్గర చూసింది చెప్తున్నాను. థర్మోకోల్ పలక మీద గుడ్డని తడిపి, ఒక్కో మడత సన్నటి సూదులతో గుచ్చి, పల్చటి గంజి రాసి, నీడలో పూర్తిగా ఆరనిచ్చాకే సూదులు తీసి బొమ్మకి చుడుతుంది. పట్టుకి గంజి మరక పడకుండా ముందు ఒక ముక్క మీద పరీక్షించుకోండి. కుచ్చిళ్లు నడుము దగ్గర రెండు కుట్లు వేసి బిగిస్తే చాలు, కొంగు మాత్రం సూది లేకుండా వదలండి. చీర అయ్యాక నాకు ఫొటో పంపండి, పక్కన ఒక అగ్గిపుల్ల పెట్టి తీయండి, కొలత తెలుస్తుంది.